మన గోడిగ ఎక్కడికి పోయింది?

ఎడిటర్ గారికి,

మలక్‌పేట గుర్రప్పందేల వార్తల్లో మీరు తరచూ ‘ఫిల్లీ’ అని రాస్తుంటారు. పందేలవాళ్ల లెక్కలో ఐదేళ్లు రాని ఆడగుర్రం అది. ఆడగుర్రానికి మనకు ‘గోడిగ’ అనే మాట ఉంది. మా మేనల్లుడైతే అది గుర్రం పేరే అనుకున్నాడు!

నిజానికి అది సముద్రం దాటొచ్చిన నార్స్ మాట, అంటే వైకింగుల భాషలోని ‘ఫుల్యా’. వైకింగులు స్కాట్లాండ్ తీరాల్లో కాపురాలు పెట్టారు, ఆర్క్నీ, షెట్లాండ్ దీవులైతే 1468-69 దాకా నార్వే రాజు కిందే ఉన్నాయి, కాబట్టి స్కాట్స్ భాషలో అలాంటి మాటలు బోలెడు. ఆ భాషలో ఆడగుర్రానికే ‘యాడ్’ అనే ఇంకో మాట ఉంది, అదీ నార్స్‌దే అంటారు. పాపం దాని గతి బాగోలేదు. రానురాను అరిగిపోయిన ముసలి గుర్రమనే అర్థమే మిగిలింది. దాని చుట్టమని చెప్పే ఇంగ్లిష్ ‘జేడ్’ ఇంకా దిగజారి ఆడవాళ్లను తిట్టే తిట్టయింది. మగగుర్రానికి ఈ బాధ లేదు చూడండి. మన ‘కిశోరం’ అంటే మొదట గుర్రప్పిల్ల, అది హాయిగా కుర్రాడి పేరైపోయింది.

స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1786లో అచ్చేసిన కవితల్లో ఒకదాంట్లో, కొత్త సంవత్సరం పొద్దున ఒక ముసలి రైతు తన ముసలి గుర్రం మ్యాగీకి గుప్పెడు వెన్నులు పెట్టి కబుర్లు చెబుతాడు. అది ఇరవై తొమ్మిదేళ్ల కిందట మామగారు యాభై మార్కుల డబ్బుతో పాటు ఇచ్చిన కట్నం. అప్పుడు నువ్వు ఎలాంటి ఫిల్లీవే అని మురిసిపోతాడు. ఇద్దరూ కలిసి ఎనిమిది గంటల్లో ఆరు రూడ్లు, అంటే ఎకరంన్నర దున్నేవాళ్లట. నాగలికి దాన్ని ఎడంపక్క కట్టేవాడు, మన దాపటెద్దు లాగన్నమాట, దానికీ వాళ్లకు వేరే మాటుంది.

అక్కడ గుర్రం దున్నింది కాబట్టి మాటలు నిలిచాయి. మనకు దున్నింది ఎద్దు, అందుకే పెయ్య, పడ్డ, కోడె ఇంకా నోట్లో ఉన్నాయి, మన ‘గోడిగ’ మాత్రం నిఘంటువులో పడుకుంది. సంస్కృతం ‘బడబ’ కూడా బడబాగ్నిలో తప్ప కనిపించదు.

వచ్చే ఆదివారం పందేల వార్తలో ఒక్కసారి ‘పడుచు గోడిగ’ అని రాసి చూడండి, పక్కన కావాలంటే ఫిల్లీ అని పెట్టుకోండి.

ఇట్లు,
మీ పాఠకుడు