ఫిలాసఫీ పీహెచ్‌డీకి వెళ్తున్నాను, నన్ను తిట్టినవాళ్లందరికీ థాంక్స్

ఆగస్టులో అమెరికా వెళ్తున్నాను. ఫిలాసఫీ పీహెచ్‌డీ, మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీ, ట్యూషన్ ఫీజు లేదు, ఐదేళ్లు స్టైపెండ్. ఐ-20 (వీసాకి కావాల్సిన యూనివర్సిటీ కాగితం) మొన్న వచ్చింది, ఇప్పుడు వీసా స్లాట్ కోసం రోజుకి పదిసార్లు సైటు తెరిచి మూస్తున్నాను. కంగ్రాట్స్ చెప్పిన అందరికీ థాంక్స్. కానీ ఈ పోస్టు ముఖ్యంగా ఓ ఐదారుగురి కోసం. వాళ్లలో ఇద్దరిని నేను ఇంతవరకు నేరుగా చూడలేదు, ఒకరైతే ఎవరో కూడా నాకు తెలీదు. పేర్లు రాయొద్దని ముందే చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయట్లేదు, చదివితే వాళ్లకే తెలుస్తుంది.

తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక కథ. మాది మాచర్ల. గుంటూరులో ఈసీఈ, తర్వాత హైదరాబాద్‌లో రెండేళ్లు టెస్టింగ్ ఉద్యోగం, అది మానేసి హెచ్‌సీయూలో ఫిలాసఫీ ఎంఏ. మా వీధిలో ఇప్పటికీ నేను సైకాలజీ చదివాననే అనుకుంటారు, ఒకావిడ మనవడు అన్నం తినట్లేదని వాణ్ని నా దగ్గరికి తీసుకొచ్చింది కూడా. మొదటిసారి తొమ్మిది పీహెచ్‌డీ ప్రోగ్రాములకి అప్లై చేస్తే తొమ్మిదీ రిజెక్టే. అప్పుడు ఒక కన్సల్టెన్సీకి 25 వేలు కట్టాను. వాళ్లు రాసిచ్చిన స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఏం చదవాలనుకుంటున్నామో, ఎందుకో చెప్పే వ్యాసం) చివర్లో ‘మీ సంస్థలోని అత్యాధునిక ల్యాబుల్లో పరిశోధన చేయాలని’ అని ఉంది. ఫిలాసఫీకి ల్యాబు! ఎమ్మెస్‌కి వెళ్లే ఎవరి కాగితమో పేరు మార్చి ఇచ్చారు. దాన్ని నేనూ సరిగా చదవకుండానే పంపాను చూడండి, అందుకని వాళ్లని ఒక్కళ్లనే అనడానికి నాకు నోరు లేదు.

మొదటి థాంక్స్ అక్కకి. సొంత అక్క కాదు, మా డిపార్ట్‌మెంట్‌లోనే చదివి నేను చేరకముందే వెళ్లిపోయిన సీనియర్, ఇప్పుడు అమెరికాలో ఫిలాసఫీ పీహెచ్‌డీ చివరికొచ్చింది. ముక్కూ మొహం తెలియని నేను మెయిల్ పెడితే ఆదివారం ఫోన్ చేసి గంటన్నర మాట్లాడింది. ఈసారి స్టేట్‌మెంట్ నేనే సొంతంగా రాశాను, చాలా బాగా వచ్చిందని కూడా అనుకున్నాను. చిన్నప్పుడు స్కూలు వాళ్లు సాగర్ తీసుకెళ్లి, లాంచీ ఎక్కించి నాగార్జునకొండ మ్యూజియం చూపించడం, ఆ నీళ్ల కింద మునిగిపోయిన లోయ గురించి గైడ్ చెప్పడం, నేను అలా చూస్తూ ఉండిపోవడం, అక్కడి నుంచి బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడి శూన్యవాదం, అంటే ఏ వస్తువుకీ దానంతటదిగా స్వభావం లేదనే వాదం. అక్క చదివి ఒక్క మాట అంది. ‘ఏమ్మా, ఐదారు సీట్లకి 200 పైన అప్లికేషన్లు చదివేవాళ్లకి నీ లాంచీతో పనేంటి?’ పైగా ఆ కొండకి ఆయన పేరు సంప్రదాయంగా వచ్చిందే తప్ప ఆయన అక్కడే ఉన్నాడని ఏ ఆధారంతో అంటున్నావ్ అని అడిగింది. ఒక రోజంతా అలిగాను. మర్నాడు లాంచీ తీసేశాను. ఏ ప్రశ్న పట్టుకుని వస్తున్నానో రెండో వాక్యంలోనే రాశాను, ఆ డిపార్ట్‌మెంట్‌లో ఎవరితో ఎందుకు పనిచేయాలనుకుంటున్నానో ఒక్కోదానికి విడిగా రాశాను. ఆ ఒక్క పేరా రాయడానికి వాళ్ల పేపర్లు నిజంగా చదవాల్సి వచ్చింది, దాంతో మూడు యూనివర్సిటీలు నా లిస్టులోంచి వాటంతటవే ఎగిరిపోయాయి.

రెండో థాంక్స్ మా సార్‌కి. ఫిలాసఫీ అడ్మిషన్లలో అన్నిటికన్నా బరువైనది రైటింగ్ శాంపిల్, అంటే మనం రాసి పంపే ఫిలాసఫీ పేపర్ అని అందరూ అంటారు. జీఆర్ఈ అడగడం చాలా డిపార్ట్‌మెంట్లు ఇప్పుడు మానేశాయి కాబట్టి అది ఇంకా బరువెక్కింది. నా పాత శాంపిల్ 38 పేజీలు. నాగార్జునుడు, ఆయన వ్యాఖ్యాత చంద్రకీర్తి, మధ్యలో యూరప్ తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్, అందరూ ఉన్నారు, పెళ్లి భోజనంలా. సార్ మొత్తం చదివి ‘ఇందులో నువ్వెక్కడున్నావ్?’ అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు, కాగితాలు తిరిగిచ్చేశారు.

తర్వాత నాలుగు నెలలు పట్టింది. నాగార్జునుడే రాసిన విగ్రహవ్యావర్తనిలో ఆయన మీద ఒక ఆక్షేపణ ఉంటుంది: అన్నీ శూన్యమైతే నీ మాటా శూన్యమే, మరి శూన్యమైన మాట దేన్ని ఖండించగలదు? దానికి 29వ కారికలో (శ్లోకంలో) ఆయన చెప్పే జవాబు ప్రసిద్ధం, నాకు ప్రతిజ్ఞే (ఒట్టు కాదు, వాదంలో నిలబెట్టే మాట) లేదు కాబట్టి నాకు ఆ దోషం అంటదు అని. ‘ప్రతిజ్ఞ లేదు’ అంటే అసలు ఏ మాటా నిలబెట్టట్లేదనా, లేక వస్తువులకి స్వభావం ఉందని ఒప్పుకునే రకం మాట నిలబెట్టట్లేదనా? నా పేపరంతా ఈ రెండో అర్థాన్ని సమర్థించడమే. సార్ ప్రతి డ్రాఫ్ట్ మీదా ఒకటే రాసేవారు, ‘ప్రతిజ్ఞ లేదనడం కూడా ప్రతిజ్ఞే కదా, దీనికి మూడో పేజీలో జవాబు చెప్పు, ఇరవయ్యో పేజీలో కాదు.’ ఆఖరికి 19 పేజీలకి దిగింది. ఇప్పుడు చూస్తే ఆ 38 పేజీలు ఏదో పరీక్షకి రాసుకున్న నోట్సులా కనిపిస్తున్నాయి.

రికమెండేషన్ లెటర్ సంగతి కూడా చెప్పాలి. ‘నువ్వే రాసి తీసుకురా, నేను సంతకం పెడతాను’ అనే అలవాటు మన దగ్గర ఎంత మామూలో చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. మొదటిసారి నాకు రెండు లెటర్లు అలాగే వచ్చాయి, నా గురించి నేనే ‘ఈమె చాలా తెలివైన విద్యార్థిని’ అని రాసుకోవడం ఎంత ఇబ్బందో. ఈసారి సార్, ఇంకో ఇద్దరు మేడమ్‌లు సొంతంగా రాశారు. ఏం రాశారో నాకు తెలీదు, చూడనని అప్లికేషన్లో టిక్కు పెట్టాను. కానీ ఒక మేడమ్ నా పాత అసైన్‌మెంట్లు మళ్లీ పంపమని అడిగారు, అంటే చదివే రాశారన్నమాట. ఈసారి నేను అప్లై చేసిన పదకొండు చోట్లకి పదకొండుసార్లు, ఒక్కో పోర్టల్‌లో ఒక్కో రకం ఫారం నింపుతూ అప్‌లోడ్ చేయడం చిన్న పని కాదు.

బాబాయ్‌కి థాంక్స్, ఇది క్లుప్తంగా. అప్లికేషన్ ఫీజు ఒక్కోటి 75 నుంచి 125 డాలర్లు. నాలుగు చోట్ల మెయిల్ పెట్టి అడిగితే ఫీజు మాఫీ చేశారు (అడగండి, అడిగితే పోయేదేం లేదు), మిగతా ఏడింటికి దాదాపు 60 వేలు. బాబాయ్ తన కార్డు ఇచ్చి ‘మీ నాన్నకి చెప్పకు’ అన్నాడు. నాన్నకి మొదటి రోజే తెలుసని తర్వాత తెలిసింది, బాబాయే చెప్పాడట.

ఇక ఆఫర్ల సంగతి, ఇక్కడే నేను పూర్తిగా దారితప్పబోయాను. ఫిబ్రవరి, మార్చి అంతా అర్ధరాత్రి రెండింటికి ఫోన్ వెలగడం, నేను లేచి కూర్చోవడం, పాపం నా రూమ్మేట్ కూడా లేచి కూర్చోవడం. పదకొండులో ఏడు రిజెక్ట్. రెండు పీహెచ్‌డీ ఆఫర్లు, ఒకటి ఫండింగ్ ఉన్న ఎంఏ, ఒకటి వెయిట్‌లిస్ట్. ఆఫర్లలో ఒకటి ఈస్ట్ కోస్ట్‌లో పెద్ద నగరం, పెద్ద పేరు, చెప్పగానే మా బంధువులు కూడా గుర్తుపట్టే పేరు. ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్లకి ర్యాంకులిచ్చే గౌర్మే రిపోర్ట్‌లో పైన ఉంటుంది. నేను మనసులో వెళ్లిపోయాను కూడా. రెండోది ఎక్కడో చిన్న ఊరు, నా సబ్జెక్టు చెప్పేవాళ్లే లేరు, ఫండింగ్ ఏ ఏడుకి ఆ ఏడే చూస్తామన్నారు, పైగా వారంలో జవాబు చెప్పమని మెయిల్. నాకు ఒకటే టెన్షన్. అక్క చెప్పింది, ఫండింగ్ ఉన్న ఆఫర్‌కి ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పి తీరాలని ఒత్తిడి చేయకూడదని అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్ల కౌన్సిల్ తీర్మానం ఉంది, అది గుర్తుచేస్తూ మర్యాదగా రాయి అని. వెంటనే ఇంకో మాట, ‘అయినా నువ్వు అక్కడికి వెళ్లవు కదా, మరి ఎందుకు పట్టుకుని కూర్చున్నావ్? నీలాంటి అమ్మాయి ఎవరో వెయిట్‌లిస్ట్‌లో ఏడుస్తూ ఉంటుంది, వదిలెయ్.’ ఆ రాత్రే వదిలేశాను. ఎంఏ ఆఫర్ మాత్రం ఉంచుకున్నాను, అది అప్పటికి నా గొడుగు.

ఈస్ట్ కోస్ట్ ఆఫర్ గురించి కళ్లు తెరిపించింది అక్కడే మూడో ఏడు చదువుతున్న ఒక విద్యార్థి. తమిళ అబ్బాయి. డిపార్ట్‌మెంట్ వాళ్లు ఇచ్చిన లిస్టులో ఉన్నవాళ్లతో మాట్లాడితే అందరూ బాగుందనే అన్నారు. ఇతని పేరు ఆ లిస్టులో లేదు, వెబ్‌సైట్‌లో చూసి నేనే రాశాను. మొదటి ప్రశ్నే ‘నువ్వు ఎవరి కోసం వస్తున్నావ్?’ పేరు చెప్పాను. ఆవిడ రెండేళ్లలో రిటైరవుతున్నారని, కొత్త విద్యార్థుల్ని తీసుకోవట్లేదని చెప్పాడు. భారతీయ తత్వం మీద పనిచేసేవాళ్లు అక్కడ ఇంకెవరూ లేరు. తర్వాత లెక్కలు చెప్పాడు. వాళ్ల ప్లేస్‌మెంట్ పేజీలో ఉద్యోగాలు వచ్చినవాళ్ల పేర్లే ఉంటాయి, చేరినవాళ్లెందరు, మధ్యలో మానేసినవాళ్లెందరు అని అడుగు అన్నాడు. అడిగాను. జవాబు రావడానికి పది రోజులు పట్టింది, వచ్చాక అర్థమైంది ఎందుకు పట్టిందో. గౌర్మే ర్యాంకు కూడా ఫిలాసఫర్లని అడిగి, ఏ డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్లకి ఎంత పేరుందో చూసి వేసేది. విద్యార్థి నెలాఖరులో ఏం తింటుందో అందులో ఉండదు.

తినే లెక్క ఇది. ఈస్ట్ కోస్ట్‌లో స్టైపెండ్ 34 వేల డాలర్లు, వెయిట్‌లిస్ట్‌లో ఉన్న మిడ్‌వెస్ట్ దాంట్లో 25 వేలు. ఇది చూసి మా ఇంట్లో అందరూ ముందుదానికే ఓటేశారు. కానీ అక్కడ షేరింగ్‌లో ఒక గది నెలకి 1,500, ఏడాదికి 18 వేలు, ఇన్సూరెన్స్‌కి నా వాటా 2 వేలు, మిగిలేది 14 వేలు. మిడ్‌వెస్ట్‌లో గది 600, ఏడాదికి 7,200, యూనివర్సిటీ ఫీజులు 1,400, మిగిలేది 16,400. పైగా ఈస్ట్ కోస్ట్‌ది తొమ్మిది నెలల స్టైపెండ్, వేసవిలో ఏమీ రాదు, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద బయట ఎక్కడపడితే అక్కడ పని చేసుకోవడం కుదరదు. పన్ను కూడా ఉంటుంది, అయితే మన విద్యార్థులకి ఇండియా-అమెరికా ఒప్పందంలోని 21వ ఆర్టికల్ కింద స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో కొంత మొత్తానికి పన్ను పడకపోవడం) దొరుకుతుంది, మిగతా చాలా దేశాలవాళ్లకి ఈ సౌకర్యం లేదు. ఇది చెప్పింది కూడా ఆ అబ్బాయే, నేను వాళ్ల డిపార్ట్‌మెంట్‌కి రానని అర్థమయ్యాక కూడా ఓపిగ్గా స్క్రీన్ షేర్ చేసి చూపించాడు.

మిడ్‌వెస్ట్‌లో నా సబ్జెక్టులో ఇద్దరున్నారు, సంస్కృతం పక్క డిపార్ట్‌మెంట్‌లో నేర్పుతారు, సొంతంగా క్లాసు చెప్పేది మూడో ఏడు నుంచి, అంతవరకు పేపర్లు దిద్దడం, చిన్న సెక్షన్లు తీసుకోవడం. అన్నీ బాగున్నాయి, సీటే లేదు. ఏప్రిల్ 11 అర్ధరాత్రి దాటాక 1:40కి మెయిల్ వచ్చింది, ఒకరు తప్పుకున్నారు, నీకు కావాలా అని.

ఆ ఒకరు ఎవరో నాకు తెలీదు. 15వ తారీఖు రాత్రి దాకా ఆగి ఉంటే ఆ సీటు నా దాకా వచ్చేదో లేదో. నాలుగు రోజుల ముందు ఒక మెయిల్ కొట్టినందుకు, మీరు ఎక్కడున్నా, తెలుగు రాకపోయినా, చాలా థాంక్స్.

నాన్నకి లెక్క కాగితం చూపించాను. చాలాసేపు చూసి, ‘అంటే ఫిలాసఫీ చదివితే వాళ్లే ఎదురు డబ్బులిస్తారా?’ అన్నారు. ఇస్తారు నాన్నా, క్లాసులు చెప్పించుకుని ఇస్తారు అన్నాను. ‘లోన్ లేదా?’ లేదు. ‘అయితే చిన్న దానికే వెళ్లు’ అని కళ్లజోడు తీసేశారు. చుట్టాలు ఎంత లోన్ తీసుకున్నారని అడిగితే ఇప్పుడు నాన్నే గట్టిగా, పక్కింటికి వినబడేలా జవాబు చెప్తున్నారు. 13వ తారీఖున ఓకే చెప్పి, అదే గంటలో పెద్ద పేరు దానికి, ఎంఏ దానికి వద్దని రాసేశాను. పెద్ద పేరు దానికి రాసేటప్పుడు చెయ్యి కొంచెం ఆగింది, అబద్ధమెందుకు.

రూమ్మేట్, నీ నిద్ర బాకీ ఉన్నాను.

ఈ డిసెంబర్‌కి ఫిలాసఫీలో అప్లై చేసేవాళ్లు ఎవరైనా ఉంటే రైటింగ్ శాంపిల్, స్టేట్‌మెంట్ నాకు పంపండి, చదువుతాను. కన్సల్టెన్సీకి కట్టొద్దు. కానీ అక్టోబర్ లోపు పంపండి, గడువుకి ముందు రోజు రాత్రి పంపి ‘కొంచెం చూడండి అక్కా’ అంటే మాత్రం తిడతాను, ఎలా తిట్టాలో ఈ ఏడాది బాగా నేర్చుకున్నాను. లాంచీలు ఉంటే ముందే తీసేసి పంపండి.