శ్రీలంక 2024లోనూ పాత మెట్టు ఎక్కలేదు

సంపాదకులకు నమస్కారం.

శ్రీలంక 2024లో 5 శాతం వృద్ధి సాధించింది కాబట్టి 2022 నాటి ఆర్థిక సంక్షోభం నుంచి గట్టెక్కేసిందని రాసేవాళ్లు ఎక్కువయ్యారు. అంకె తప్పని నేను అనను. నేను గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక ఎగుమతి ఆఫీసులో లెక్కలు రాస్తాను. ఏ అంకెనైనా పాత బాకీతో కలిపి చూడటం మా పని.

ఆ దేశ జీడీపీ 2022లో 7.3 శాతం, 2023లో మరో 2.3 శాతం పడిపోయింది. అంటే 2021లో 100 ఉన్నది 90 చిల్లరకు దిగింది. దాని మీద 5 శాతం పెరిగితే 95. 2024 ముగిసేసరికీ పాత 100 రానే లేదు! ధరలూ అంతే. 2022 సెప్టెంబరులో 70 శాతం దాకా పోయిన ద్రవ్యోల్బణం తగ్గింది సరే, అప్పుడు పెరిగిన రేట్లు చాలావరకు అక్కడే కూర్చున్నాయి. 2019తో పోలిస్తే పేదరికం దాదాపు రెట్టింపైందని ప్రపంచ బ్యాంకే చెబుతోంది.

2022 ఏప్రిల్లో వాళ్లు విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేసినప్పుడు మాకు పట్టుకున్న టెన్షన్ ఇంతా అంతా కాదు. కొలంబో వ్యాపారి ఫోన్ చేసి సరుకు కావాలనేవాడు, తన దగ్గర డబ్బుందనేవాడు. ఉన్నవి వాళ్ల రూపాయలు. బ్యాంకులో డాలర్లు లేవు, ఎల్‌సీ (సరుకు డబ్బుకు బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) తెరవరు. ఎల్‌సీ రానిదే మా ఓనరు బస్తా కదలనివ్వడు. 334 రకం మిర్చి కాయ కోల్డ్ స్టోరేజీలోనే ఉండిపోయింది, అద్దె మాత్రం నెలనెలా పడింది. వాళ్ల రూపాయల్లో 200 దగ్గరున్న డాలరు 360 దాటేసింది.

ఇదంతా ఒక్క కరోనా వల్లే కాదు. 2019 చివర్లో వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి తగ్గించి ఖజానాకు చిల్లు పెట్టుకున్నారు. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రే ఆపేశారు. దిగుబడి ఏమవుతుందో మా పల్నాడు రైతును అడిగినా చెప్పేవాడు.

అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) 2023 మార్చిలో సుమారు 300 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేశాక జనం చాలా భరించారు. ఇప్పుడు వ్యాట్ 18 శాతం. జనం ఓర్పు మెచ్చుకోవాల్సిందే. కానీ 2028 నుంచి పాత అప్పుల వాయిదాలు మళ్లీ బరువెక్కుతాయి. 2025 ఫిబ్రవరిలో కార్ల దిగుమతికీ తలుపులు తీశారు, వాటికీ డాలర్లే కావాలి.

అందుకే మీ బిజినెస్ పేజీలో వృద్ధి శాతం వేసినప్పుడు, పక్కనే అక్కడి విదేశీ మారక నిల్వలు ఎన్ని నెలల దిగుమతులకు సరిపోతాయో కూడా వేయండి. మా యార్డులో ముందు చూసేది అదే.

— ఎగుమతి ఆఫీసు గుమస్తా, గుంటూరు