ఏడు రేవుల కథ అయిపోయింది, సరంగు తాతకు దండాలు

నిన్న రాత్రి సీరియల్ చివరి భాగం పంపించేశాను. కళ్ళు మండుతున్నాయి, నిద్ర మాత్రం రావడం లేదు. ఇప్పుడు రాయకపోతే ఇంక రాయలేనేమోనని కూర్చున్నాను. ఇన్నాళ్ళూ చదివినవాళ్ళకు, బాగాలేని చోట మొహమాటం లేకుండా చెప్పినవాళ్ళకు పేరుపేరునా కృతజ్ఞతలు.

కథ తెలియనివాళ్ళకు రెండు మాటలు. ఏడు రేవులున్న ఒక ఊహాలోకం, దాని సముద్రం మీద తిరిగే ఓడదొంగలు. మకరపట్నంలో ఓడదొంగకు రాజముద్ర ఇస్తారు, దోచుకొచ్చినదాంట్లో సగం ఖజానాకు కడితే వాడు వీరుడు. వెండితిన్నెలో అదే మనిషిని రేవులోనే ఉరి తీస్తారు, ఎందుకంటే పోయేది అక్కడి వర్తకుల సరుకు. ఈ రెండూ రాయడం కష్టం కాలేదు. 1581లో ఇంగ్లండు రాణి సర్ బిరుదిచ్చిన నావికుడు డ్రేక్ స్పెయిన్‌వాళ్ళకు పచ్చి దొంగ. మరాఠా నౌకాదళాన్ని నడిపిన కన్హోజీ ఆంగ్రేను ఇంగ్లీషు కంపెనీవాళ్ళు పైరేటనే అన్నారు. అంతదూరం ఎందుకు, మొన్నమొన్నటిదాకా మన ప్రకాశం జిల్లాలోనే ఉన్న మోటుపల్లిలో 1244 నాటి కాకతీయ రాజు గణపతిదేవుడి అభయశాసనం ఉంది. గాలివానకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా అంతకుముందు రాజులు లాగేసుకునేవాళ్ళట, తాను మాత్రం సుంకం తప్ప ఏమీ తీసుకోనని రాయించాడు. కిరీటం పెట్టుకుని లాక్కుంటే అది దొంగతనం కాకుండా పోతుందా? ఈ ప్రశ్న నా కథంతా వెంట వచ్చింది.

చిక్కంతా కథలోని ఇంకో రేవు గవ్వలపాలెం దగ్గర. పేద పల్లె ఓడదొంగల్ని ఎందుకు దాచిపెడుతుంది? భయమని రాశాను, డబ్బని రాశాను, ఏదీ అతకలేదు. ఆ టెన్షన్‌లోనే కావలి అవతల సముద్రం ఒడ్డున ఒక పాలేనికి వెళ్ళాను. వేట నిషేధం రోజులు, బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. బోటు నడిపే ఒక సరంగు తాత వల బాగుచేసుకుంటున్నాడు. కాలి బొటనవేలికి వల తగిలించుకుని, నా వైపు చూడకుండానే చిరుగులు కుడుతూ, నేను చదివిన భాగమంతా విన్నాడు. విని, "రేవులో ఆడోళ్ళు లేరేంది నాయనా? తెచ్చేది మొగోడైనా అమ్మేది ఆడదే గదా. ఆమె నోరు మూసుకుంటేనే ఊరు మూసుకుంటాది" అన్నాడు. నాకు తల తిరిగిపోయింది. గవ్వలపాలెం మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడింది.

తర్వాత తన సంగతి చెప్పాడు. తమిళనాడు నుంచి పెద్ద బోట్లు వచ్చి వలలు తెంపుకుపోతుంటే ఒకసారి ఊరంతా కలిసి ఒక బోటును ఒడ్డుకు లాక్కొచ్చారట. "మాకు వాళ్ళు దొంగలు, వాళ్ళకి మేము దొంగలం." అందులో ఒక కుర్రాడు ఏడుస్తూ నీళ్ళడిగాడట. వీళ్ళ ఇళ్ళల్లోనూ తమిళం కలిసిన మాటే, "మా అమ్మ అడిగినట్టే అడిగినాడు నాయనా" అని కుట్టడం ఆపేశాడు. ముందు అందరికీ అన్నం పెట్టి, ఆ తర్వాతే తగువు తేల్చుకున్నారట.

చీకటి పడి బస్సు పోయింది. తాత నాకు మంచం వేసి, తాను బోటు పక్కన ఇసుకలో పడుకున్నాడు. వేట లేని రోజుల్లో ఆ ఇంట్లో ఏం ఉంటుందో నాకు తెలుసు, అయినా తెల్లారి అవ్వ ఎండుచేపల పొట్లం నా సంచిలో పెట్టేసింది. నిన్న రాత్రి ఆయనే ఫోన్ చేసి నా కథలోని కుర్రాడి గురించి అడిగాడు, "ఆ ఓడ మీది పిల్లోడు ఇల్లు చేరినాడా?" అని. చేరాడు తాతా అన్నాను. ఫోన్ పెట్టేశాక ఏడుపు ఆగలేదు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు.

ఒక బాధ కూడా చెప్పాలి. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి అచ్చు వేయించిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాల కోసం ఒక లైబ్రరీ చుట్టూ తిరిగాను. బీరువా అద్దంలోంచి కనిపిస్తూనే ఉన్నాయి, తాళంచెవి ఉన్న సారు డిప్యుటేషన్ మీద వేరే ఊళ్ళో ఉన్నారట. ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాలకని మన దగ్గర వసూలు చేస్తారు. ఆ పుస్తకాలు చెదలకు కాదు, మనకు. ఒక తాళంచెవి ఇంకొకరికి అప్పజెప్పడానికి ఏం అడ్డం?

అమ్మ, మా ఆవిడ, తమ్ముడు ఎప్పటిలాగే అన్నీ చూసుకున్నారు.

శాసనంలో అర్థం కాని మాటలు ఓపిగ్గా విడదీసి చెప్పిన ఒంగోలు లెక్చరర్ గారికి నమస్కారాలు. అచ్చుతప్పులు దిద్దిన అక్కకు కూడా. ఇంకా... ఆ రోజు పాలెం దాకా తీసుకెళ్ళి, తిరుగు చార్జీ వద్దన్న ఆటో అన్న! ఆయన పేరు కూడా అడగలేదు. కరెంటు పోతే షాపు మూయకుండా కూర్చుని ప్రింట్లు తీసిచ్చిన జిరాక్స్ తమ్ముడికీ థాంక్స్. ఇంకెవరైనా గుర్తొస్తే కింద కలుపుతాను.