ఆ పిల్లల ఇంటికి మళ్లీ వెళ్లండి

సంపాదకులు గారికి నమస్కారం.

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు జిల్లా పేజీలో కూలీల పిల్లలు, ఆటో డ్రైవర్ల పిల్లలు మంచి మార్కులు తెచ్చుకున్నారని ఫొటోలు వేస్తారు. వేయాల్సిందే. అయితే ఏడేళ్ల తర్వాత మీ విలేకరి అదే ఇంటికి మళ్లీ వెళ్లాలని నా కోరిక.

ఈ పని బ్రిటన్‌లో జరిగింది. 1964లో గ్రెనడా టెలివిజన్ ‘సెవెన్ అప్’ పేరుతో ఏడేళ్ల పిల్లలు 14 మందిని చూపించింది. వాళ్లలో డబ్బున్నవాళ్ల పిల్లలున్నారు, లండన్ ఈస్ట్ ఎండ్ కార్మికుల పిల్లలున్నారు, యార్క్‌షైర్ పల్లె నుంచి ఒక రైతు కొడుకు ఉన్నాడు. పుట్టిన ఇంటిని బట్టే బతుకు ఉంటుందని చెప్పడం ఆ కార్యక్రమం ఉద్దేశం. అందులో పరిశోధకుడిగా చేరిన మైకేల్ ఆప్టెడ్ దాన్ని అంతటితో వదల్లేదు. 2019లో వాళ్లకు 63 ఏళ్లు వచ్చేదాకా ఏడేళ్లకోసారి వెళ్తూనే ఉన్నాడు.

ఏ బడికి, ఏ యూనివర్సిటీకి వెళ్తారో ఏడేళ్లకే చెప్పిన ధనిక పిల్లలు చాలావరకు ఆ దారినే నడిచారు. రైతు కొడుకు మాత్రం అమెరికాలో ప్రొఫెసర్ అయ్యాడు. లివర్‌పూల్ నుంచి వచ్చిన చలాకీ అబ్బాయి 28 ఏళ్లప్పుడు ఇల్లూ వాకిలీ లేకుండా స్కాట్లండ్‌లో తిరుగుతున్నాడు. అప్పుడే కెమెరా ఆపేసి ఉంటే ఆయన కథ అంతే అనుకునేవాళ్లం. తర్వాత ఆయన స్థానిక కౌన్సిల్‌కు ఎన్నికయ్యాడు! ఈస్ట్ ఎండ్ అమ్మాయి ఒకామె 49వ ఏట కెమెరా ముందే ఆప్టెడ్‌ను గట్టిగా నిలదీసింది. ఆయన మళ్లీ వెళ్లబట్టే ఆమెకు ఆ అవకాశం వచ్చింది.

మా బడిలో చదివిన ఒక అమ్మాయి ఫొటో కూడా పేపర్లో పడింది. వాళ్లమ్మ చెనిక్కాయలు వలిచే కూలికి వెళ్లేది. నాన్నకు జబ్బు చేసి ఆ పిల్ల చదువు ఇంటర్ మధ్యలోనే ఆగిపోయింది. ఆ సంగతి ఏ పేపర్లోనూ రాలేదు. ఆ బ్యాచ్‌లోనే లెక్కల్లో తప్పిన అబ్బాయి ఇప్పుడు ట్రాక్టర్లు రిపేరు చేస్తూ ఇద్దరు కుర్రాళ్లకు పని నేర్పుతున్నాడు. వాడి ఫొటో ఎవరూ వేయలేదు. నాకైతే ఈ రెండూ పెద్ద వార్తలే.

మన దగ్గర కుదరదని అనుకోనక్కర్లేదు. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ల ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002 నుంచి మన రెండు రాష్ట్రాల్లో సుమారు 3,000 మంది పిల్లల వెంట నడుస్తోంది. ఉమ్మడి అనంతపురం జిల్లా కూడా అందులో ఉంది. పరిశోధన కాబట్టి వాళ్ల పేర్లు బయటపెట్టరు, అది న్యాయమే. తమ మాట తాము చెప్పుకుంటామనే పిల్లలకు చోటివ్వాల్సింది పేపర్లే.

కాబట్టి ఈసారి ఫొటో వేసిన పిల్లల పేర్లు, ఊర్లు ఆఫీసులో రాసిపెట్టుకోండి. అదే బడిలో తప్పినవాళ్లను కూడా, వాళ్లకు ఇష్టమైతేనే, కలపండి. అమ్మాయిలు సగం మంది ఉండాలి. బ్రిటన్ వాళ్లు 14 మందిలో నలుగురినే తీసుకున్నారు, ఆప్టెడ్ తర్వాత దానికి చాలా బాధపడ్డాడు. వద్దన్నవాళ్లను బలవంతం చేయొద్దు. ఏడేళ్లు ఆగే పని కూడా లేదు, పాత సంచికలు మీ దగ్గరే ఉన్నాయి. మా మండలంలో ఇళ్లు చూపించడానికి విలేకరితో నేను వస్తాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కదిరి, శ్రీ సత్యసాయి జిల్లా