గుడ్డ మందం చూసి స్కీయింగ్ బ్యాగు కొనకండి

సంపాదకులకు నమస్కారం.

గుల్మార్గ్ శీతాకాల యాత్ర గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో బస, గొండోలా (కేబుల్ కారు) టికెట్లు, అద్దె పరికరాల సమాచారం చక్కగా ఇచ్చారు. అయితే స్కీయింగ్‌కు పట్టుకెళ్లే బ్యాగు విషయం మాత్రం, మందపాటి గుడ్డతో కుట్టిన ట్రెక్కింగ్ బ్యాగు ఏదైనా సరిపోతుందని ఒక్క వాక్యంలో తేల్చేశారు. హైదరాబాదు, విశాఖల నుంచి ఏటా అక్కడికి వెళ్లే కొత్తవారు ఆ మాట నమ్మి డబ్బు పోగొట్టుకోకూడదన్న ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను.

గుల్మార్గ్‌లో రిసార్టు స్కీయింగ్‌కు వెళ్లేవారూ, బ్యాక్‌కంట్రీకి, అంటే రిసార్టు హద్దు బయటి కొండల్లోకి, వెళ్లేవారూ ఎక్కేది ఒకే గొండోలా. దాని రెండో దశ అఫర్వత్ కొండ మీద సుమారు 4,000 మీటర్ల ఎత్తున దింపుతుంది. స్కీ పెట్రోల్ సిబ్బంది మంచు పరిస్థితి చూసి అనుమతించే వాలు అక్కడ కొంతమేరకే ఉంది. దాని హద్దు దాటితే ఎవరి పర్యవేక్షణా లేని కొండ మొదలవుతుంది. 2023 ఫిబ్రవరిలో అదే కొండ మీద హపత్‌ఖుడ్ వద్ద మంచుచరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ దేశస్థులు మరణించారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఖిలన్‌మార్గ్ వైపు ఒక రష్యా స్కీయర్ ప్రాణాలు కోల్పోయారు. హద్దు దాటాలన్న ఆలోచన ఉందా లేదా అన్నది ముందుగా తేల్చుకుంటే, ఎలాంటి బ్యాగు కావాలో సగం తేలిపోతుంది.

హద్దు లోపలే ఉండేవారికి నీళ్లు, తినుబండారాలు, ఒక జాకెట్టు, అదనపు గ్లౌజులు పట్టే 15 నుంచి 20 లీటర్ల బ్యాగు చాలు. అది వీపుకు హత్తుకుని పలుచగా ఉండాలి, వేలాడే పట్టీలు ఉండకూడదు. చైర్‌లిఫ్టు కుర్చీలో పట్టీ చిక్కుకుంటే దిగవలసినచోట దిగలేక మనిషి గాలిలో వేలాడే ప్రమాదం ఉంది కనుక, ఎక్కేముందే బ్యాగును వీపు మీది నుంచి తీసి ఒడిలో పెట్టుకోవడం మంచిది.

హద్దు దాటేవారికి 30 లీటర్లకు తగ్గని బ్యాగు అవసరం. పార, మంచులో గుచ్చి వెతికే ప్రోబ్ కర్ర ఉంచడానికి అందులో వేరే అర తప్పనిసరిగా ఉండాలి. మంచు కింద కూరుకుపోయిన మనిషి బతికే అవకాశం పది, పదిహేను నిమిషాలు గడిచాక వేగంగా పడిపోతుంది. ట్రెక్కింగ్ బ్యాగులో పైనుంచి అడుగుదాకా ఉన్న సామానంతా బయట పోసి పార వెతుక్కునే వ్యవధి అప్పుడు ఉండదు. మంచు కింద కూరుకుపోయిన మనిషి ఎక్కడున్నాడో రేడియో సంకేతాలతో తెలిపే ట్రాన్స్‌సీవర్ మాత్రం బ్యాగులో పెట్టకూడదు, ఒంటికే కట్టుకోవాలి. ఇలాంటి బ్యాగులకు వీపు వైపు తెరుచుకునే జిప్పు ఉంటే మేలు: ముందువైపు కట్టిన స్కీలను విప్పకుండానే లోపలి వస్తువు తీసుకోవచ్చు, వీపుకు ఆనే భాగం మంచులో తడవదు.

ఇక మన్నిక సంగతి. దుకాణంలో అందరూ చెప్పేది డెనియర్ లెక్క. 9,000 మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె అది. నేత ఎంత దట్టమో, కుట్టు ఎంత గట్టిదో దాన్నిబట్టి తెలియదు. 210 డెనియర్ నైలాన్ బ్యాగు కూడా, అడుగుభాగం, స్కీలు తగిలే చోట్లు మందపాటి గుడ్డతో బలపరిచి ఉంటే, చాలా కాలం నిలుస్తుంది. పదునైన ఉక్కు అంచులున్న స్కీలను బ్యాగుకు కట్టి నడిచినప్పుడు గుడ్డంతా ఒకేలా అరగదు. స్కీలు దూర్చే కొక్కేలు, పక్కల పట్టీలు, ఆ పట్టీలు బ్యాగుతో కలిసే కుట్లు ముందుగా తెగుతాయి. కొనేటప్పుడు ఆ కుట్ల దగ్గర అడ్డంగా దట్టంగా వేసిన బలం కుట్టు ఉందో లేదో వేలితో తడిమి చూడాలి. పళ్ల సందుల్లో మంచు గడ్డకట్టినా కదిలే పెద్ద జిప్పు, మందపు గ్లౌజులతోనే పట్టుకోగల జిప్పు తాడు, విరిగితే కుట్టు విప్పకుండానే మార్చుకోగల బకిలు ఉన్నాయా అన్నది నా దృష్టిలో బ్రాండు పేరుకంటే ముఖ్యం.

మంచుచరియ ముంచుకొచ్చినప్పుడు పిడి లాగితే ఉబ్బి, మనిషి మంచు పైన తేలేందుకు తోడ్పడే ఎయిర్‌బ్యాగు ఉన్న బ్యాగుల గురించి ఒక్క మాట. గ్యాసు సిలిండరుతో పనిచేసేవాటిని విమానంలో తీసుకెళ్లాలంటే విమాన సంస్థ అనుమతి ముందే తీసుకోవాలి. శ్రీనగర్‌కు విమానంలో వెళ్లే మనబోటి వారికి విద్యుత్తుతో నడిచే రకంతో ఇబ్బంది తక్కువ. కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ బిగించకపోతే ఏ రకమైనా నిష్ప్రయోజనం, ఎందుకంటే మంచు ఈడ్చినప్పుడు బ్యాగు తలమీదుగా ఊడిపోతుంది.

చివరిగా, ఏ కంపెనీ ప్రకటనలోనూ కనిపించని ఒక విషయం. మన బ్యాగులు మంచులో గడిపేది ఏడాదికి కొద్దిరోజులే, మిగతా కాలమంతా అటక మీదే. గుడ్డ లోపలివైపు నీరు దిగకుండా పూసే పాలీయురెథేన్ పొర వేడికీ తేమకూ క్రమంగా విచ్ఛిన్నమై, జిగటగా మారి, పొట్టులా రాలిపోతుంది. కోస్తా ఊళ్లలో ప్లాస్టిక్ కవరులో చుట్టి దాచిన ఖరీదైన బ్యాగు, ఒక్క రాతికీ రాసుకోకుండానే ఇలా పాడవడం మామూలే. తిరిగి రాగానే పూర్తిగా ఆరబెట్టి, జిప్పులన్నీ తెరిచి, గాలి ఆడే గదిలో తగిలించి ఉంచాలి. వర్షాకాలంలో మధ్యమధ్య తీసి లోపలి పొరను చేత్తో తాకి చూడాలి. పాత బ్యాగు కొనేవారు కూడా గుడ్డ పైభాగం చూసి సంతృప్తి పడకుండా, లోపలికి చెయ్యి పెట్టి జిగట తగులుతుందేమో చూసుకున్నాకే బేరం మొదలుపెట్టాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం