తమ్ముడి మోకాలు, సబోనిస్ మడమ

కౌనస్, లిథువేనియా

పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది.

నేను ఇక్కడ క్షేమంగా ఉన్నాను. తమ్ముడి మోకాలిలో లిగమెంటు చిరిగిందని, శ్రీకాకుళం డాక్టరు ఆరు నెలలు బాస్కెట్‌బాల్ ఆట వద్దన్నారని, వాడు మాత్రం మూడో నెలకే జిల్లా పోటీల్లో దిగుతానని పట్టుబట్టి కూర్చున్నాడని మీరు చెప్పినప్పటి నుంచి నాకు ఒకే మనిషి, ఈ ఊరి ఆటగాడు సబోనిస్, జ్ఞాపకం వస్తున్నాడు. ఫోనులో చెబితే మధ్యలో పెట్టేస్తాడు కనుక ఈ ఉత్తరం వాడి చేతనే బిగ్గరగా చదివించండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో పుట్టి ఇంత బిగుసుకుపోయిన తెలుగు ఏమిటని వెక్కిరిస్తాడు, వెక్కిరించనివ్వండి.

ఈ ఊళ్లో ఇళ్ల వెనుక పెరళ్లలో బట్టలారవేసే తీగ ఎంత మామూలో, బాస్కెట్‌బాల్ బుట్ట బిగించిన స్తంభమూ అంత మామూలు. నెమునస్ నదిలోని లంక మీద కట్టిన స్టేడియంలో జల్గిరిస్ జట్టు ఆడే రోజున బస్సు నిండా ఆకుపచ్చ కండువాలే కనిపిస్తాయి. ఆ జట్టు నుంచి వచ్చిన వారిలో అందరికంటే గొప్పవాడు అర్విదాస్ సబోనిస్. 1964లో ఈ ఊళ్లోనే పుట్టాడు. ఎత్తు 221 సెంటీమీటర్లు. మన వీధి గుమ్మం దాటాలంటే సగానికి వంగాలి.

లిథువేనియా సోవియట్ దేశంలో భాగంగా ఉన్న ఆ రోజుల్లో, 1985 నుంచి వరుసగా మూడేళ్లు మాస్కో సైనిక జట్టును వెనక్కి నెట్టి జల్గిరిస్ సోవియట్ విజేతగా నిలిచింది. 1986లో అమెరికా లీగ్ ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకున్నప్పుడు పోర్ట్‌లాండ్ జట్టు అతణ్ణి 24వ ఎంపికగా తీసుకున్నా, సోవియట్ దేశం నుంచి కదలడానికి వీలు లేకపోయింది. ఆ రోజుల్లోనే అతని మడమ వెనుక స్నాయువు తెగింది. ఒకసారి కాదు, రెండుసార్లు. 1988లో పోర్ట్‌లాండ్ వెళ్లి చికిత్స చేయించుకున్నాడు గాని, కాలు పూర్తిగా కుదుటపడకుండానే సియోల్ ఒలింపిక్స్‌లో సోవియట్ జట్టు తరఫున ఆడాడు. సెమీఫైనల్లో అమెరికాను 82-76 తేడాతో ఓడించి, ఆపైన బంగారు పతకం గెలిచారు. అలా ఆడి ఉండకూడదని కౌనస్‌లో నాకు తెలిసినవారెవరూ అనరు. తమ్ముడు ఈ మాటనే పట్టుకొని వాదిస్తాడని నాకు తెలుసు. గజపతి జిల్లా పోటీలు ఒలింపిక్స్ కావని మీరు నిదానంగా గుర్తు చేయండి.

ఆ పతకం మీద ఉన్నది సోవియట్ పేరు. నాలుగేళ్ల తరువాత బార్సెలోనాలో, స్వతంత్రమైన లిథువేనియా పేరుతో, పాత సోవియట్ దేశాల ఉమ్మడి జట్టును 82-78తో ఓడించి కంచు పతకం తెచ్చుకున్నారు. మా ఇంటి యజమానురాలు బంగారం గురించి ఒక్క మాట చెప్పి, కంచు గురించి అరగంట చెబుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదువుకున్న మనకు ఆమె మాటలో సగం విడమరచి చెప్పకుండానే అర్థమవుతుంది.

1989లో అతనికి దేశం దాటే అవకాశం దొరికింది. ముందుగా స్పెయిన్‌లో వయ్యదోలిద్ అనే చిన్న జట్టుకు మూడేళ్లు, తరువాత రియల్ మాడ్రిడ్‌కు మూడేళ్లు ఆడి, 1995లో ఆ జట్టును యూరప్ విజేతగా నిలిపి, ఎంపికైన తొమ్మిదేళ్లకు పోర్ట్‌లాండ్ చేరాడు. అప్పటికి వయసు ముప్పై. ఎక్స్‌రే చూసిన అక్కడి డాక్టరు, ఈ కాళ్లకు వికలాంగుల పార్కింగ్ చీటీ ఇవ్వవచ్చు అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. పరుగు పోయింది, ఎగరడం పోయింది. బుట్టకు కాస్త దూరంగా నిలబడి, బంతిని తల మీదుగానో వీపు వెనుక నుంచో తోటివాడి చేతిలో పెట్టేవాడు. మొదటి ఏడాది మ్యాచ్‌కు సగటున 24 నిమిషాలకు మించి ఆడకపోయినా 14.5 పాయింట్లు, 8.1 రీబౌండ్లు (గురి తప్పి వెనక్కొచ్చిన బంతిని అందుకోవడం) సాధించాడు. మొత్తం ఏడు సీజన్లు ఆడాడు. 2003లో ఇంటికి తిరిగివచ్చి, జల్గిరిస్ తరఫున ఆడి, ముప్పై తొమ్మిదేళ్ల వయసులో యూరోలీగ్ లీగ్ దశకు ఉత్తమ ఆటగాడయ్యాడు.

కాలు పోయాకే అతనికి ఆ తెలివి వచ్చిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. అతని ఇరవై ఏళ్ల వయసునాటి పాత వీడియోల్లోనూ ఆ చూపు, ఆ పాసులు ఉన్నాయి. అప్పుడు వాటితో పాటు పరుగూ ఉండేది. వాటిని పక్కపక్కన పెట్టి చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అవి తమ్ముడికి పంపుతున్నాను. 1986కు ముందువి మొదట చూడమనండి.

వ్యాయామ చికిత్సకు డబ్బు ఈ నెల జీతం రాగానే వేస్తాను. వారానికి రెండుసార్లు పాతపట్నం మీదుగా శ్రీకాకుళం తీసుకువెళ్లడం మీకు శ్రమే, మామయ్యను అడగండి. బంతి తాకకుండా ఉండలేనంటే, మైదానంలో కుర్చీ వేసుకొని కూర్చుని పాసులు వేయమనండి, లేవకూడదు. అమ్మకు, మామ్మకు నా నమస్కారాలు.

ఇట్లు
మీ పెద్దబ్బాయి