సమ్మతి పత్రంలో 'వద్దు' అనే గడి కూడా ఉండాలి: కేంద్ర హోం మంత్రికి బహిరంగ లేఖ

కేంద్ర హోం శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను న్యాయవాదిని కాను. ఆసుపత్రుల్లో ఇరవై ఆరేళ్లు ఈఈజీ, అంటే మెదడులోని విద్యుత్తును గీతలుగా చూపే పరీక్ష, తీసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మూర్ఛతో వచ్చినవాళ్ల తల టేపుతో కొలిచి, పేస్టు రాసి ఎలక్ట్రోడ్లు అతికించి, వచ్చిన గీతలను డాక్టరు చేతికివ్వడం నా పని. ఆ గీతలు ఎంత సున్నితమైనవో చేసినవాళ్లకే తెలుస్తుంది. రోగి రెప్ప ఆర్పితే పెద్ద అల లేస్తుంది. పళ్లు బిగిస్తే ముళ్లకంప లాంటి గీతలు కమ్ముకొని అసలు గీత కనబడదు. తలకు నూనె పెట్టుకొని వస్తే తలంటుకొని రమ్మని వెనక్కి పంపేవాళ్లం. "కదలకండి, భయపడకండి" అని రోజుకు ఎన్నిసార్లు అనేవాణ్ణో లెక్కలేదు. అలాంటి యంత్రాన్నే 'బ్రెయిన్ మ్యాపింగ్' పేరుతో నేర విచారణలో వాడుతున్నారని చదివినప్పుడల్లా నాకు ఆ రెండో మాటే గుర్తొస్తుంది. కస్టడీలో ఉన్న మనిషికి భయపడవద్దని చెప్పేదెవరు?

2008 జూన్‌లో పుణె సెషన్స్ కోర్టు ఒక హత్య కేసులో ఇద్దరికి యావజ్జీవ శిక్ష వేసింది. ప్రసాదంలో ఆర్సెనిక్ కలిపి పెట్టి యువకుణ్ణి చంపారన్నది అభియోగం. ఆ తీర్పులో మిగతా సాక్ష్యాలతో పాటు బీఈఓఎస్ అనే బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షకూ చోటు దక్కింది. పరీక్ష తీరు ఇది. ఆ ఇద్దరిలో ఒకరైన నిందితురాలు తలకు ఎలక్ట్రోడ్లతో కళ్లు మూసుకొని కూర్చుంటుంది. 'నేను ఆర్సెనిక్ కొన్నాను' లాంటి వాక్యాలు ఆమెకు వినిపిస్తారు. ఆమె నోరు విప్పనక్కర్లేదు. ఆ పని ఆమె నిజంగా చేసిందో లేదో సాఫ్ట్‌వేర్ చెబుతుందట! అదే ఏడాది, బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్ డైరెక్టర్ అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల కమిటీ ఈ పద్ధతికి శాస్త్రీయత లేదని, కోర్టుల్లో సాక్ష్యంగా వాడవద్దని చెప్పింది. తర్వాత బొంబాయి హైకోర్టు ఆమె శిక్షను నిలిపివేసి బెయిలు ఇచ్చింది.

ఇలాంటి పరీక్షల వెనక కొంత నిజమైన శాస్త్రం ఉంది. మనసుకు తట్టే సంగతి ఏదైనా ఎదురైతే, సుమారు 300 మిల్లీసెకన్ల తర్వాత మెదడులో ఒక అల లేస్తుంది. పీ300 అంటారు. 1965 నుంచి తెలిసిన సంగతే, దాని మీద నాకు పేచీ లేదు. ఎవరో మన పేరు పలికినా అది లేస్తుంది. అంటే 'ఇది నాకు తెలుసు' అని మెదడు ఒప్పుకుందన్నమాట. ఎలా తెలుసో మాత్రం ఆ అల మీద రాసి ఉండదు. పది రోజులు అడిగిందే అడిగితే విషం పేరు, కొన్నచోటు, తేదీ ఏ అమాయకుడికైనా కంఠోపాఠమవుతాయి. చేసి తెలుసుకున్నదీ విని తెలుసుకున్నదీ వేరుచేసి చూపగలమని బీఈఓఎస్ తరఫువాళ్లు అంటారు. యంత్రంతో ఏ లాభమూ లేని బయటివాళ్లు, ఎవరు నిందితులో తెలియకుండా పరీక్షించి నిగ్గు తేల్చాల్సిన మాట అది. మూర్ఛ మందు ఒక్కటి బజారులోకి రావాలంటే ఎన్ని పరీక్షలు దాటాలి! మనిషి జీవితకాలాన్ని జైల్లో పెట్టగల యంత్రానికి అంతకన్నా తక్కువ సరిపోతుందా?

మెదడు శాస్త్రం కోర్టు గడప తొక్కకూడదని నేననను. మూర్ఛ వచ్చి తేరుకుంటున్న అయోమయంలో నన్ను నెట్టేసినవాళ్లున్నారు. అరగంట తర్వాత వాళ్లకు అదేమీ గుర్తుండదు. అలాంటి మనిషి మీద కేసు పడితే ఈఈజీ, డాక్టరు మాట న్యాయమూర్తికి తప్పక పనికొస్తాయి. మనిషి జబ్బును అర్థం చేసుకోవడం వేరు, అతని మౌనాన్ని తవ్వడం వేరు.

చట్టం సంగతి మీకు నేను చెప్పాలా? 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు, ఇష్టానికి వ్యతిరేకంగా నార్కో (మత్తుమందిచ్చి మాట్లాడించడం), లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయరాదని, అది తన మీద తానే సాక్ష్యం చెప్పనక్కర్లేదనే 20(3), జీవించే హక్కును, వ్యక్తి స్వేచ్ఛను కాపాడే 21 రాజ్యాంగ అధికరణాలకు విరుద్ధమని తేల్చింది. ఇష్టపడి చేయించుకున్నా ఆ ఫలితం దానంతటదే సాక్ష్యం కాదంది. అయినా పదమూడేళ్ల తర్వాత, ఒక కేసులో నిందితులందరికీ నార్కో చేస్తామన్న పోలీసుల మాటను పట్నా హైకోర్టు అంగీకరించింది. ఆ ఉత్తర్వును 2025 జూన్ 9న సుప్రీంకోర్టు కొట్టేయాల్సి వచ్చింది. 2020లో హాథ్రస్‌లో దళిత యువతి మరణించిన ఘటనప్పుడైతే ఫిర్యాదుదారులకు కూడా ఈ పరీక్షలు చేయిస్తామని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. బిడ్డను పోగొట్టుకున్న ఇంటివాళ్లకు!

ఇక మిగిలింది సమ్మతి. అసలు కిటుకంతా అక్కడే ఉంది. లాకప్‌లో నిద్రలేని మనిషి ముందు కాగితం పెట్టి, "తప్పు చేయకపోతే భయమెందుకు?" అంటే ఎవరు సంతకం పెట్టరు? పెట్టకపోతే 'నార్కోకు నిరాకరణ' అని మర్నాటి వార్త. అది చదివినవాళ్లంతా ఆ సాయంత్రానికే తీర్పు చెప్పేస్తారు. సమ్మతిని మేజిస్ట్రేట్ ముందే నమోదు చేయాలని, న్యాయవాది అందుబాటులో ఉండాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2000లోనే మార్గదర్శకాలిచ్చింది. సెల్వి తీర్పు వాటిని పాటించమంది. అవి మార్గదర్శకాలుగానే మిగిలాయి. చట్టంలోకి రావాలి.

ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్లాలని కొత్త నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, అంటోంది. మంచి నిబంధన. దానికోసం ల్యాబులు పెరగాలి, పెరగనివ్వండి. రక్తపు మరకను చదివే యంత్రాలు వచ్చే దారినే, రుజువుకాని మెదడు యంత్రాలు లోపలికి రాకుండా చూడండి. స్వతంత్ర పరిశీలన జరిగి, ఎన్నిసార్లు తప్పిందో ఆ లెక్క అందరి ముందుకూ వచ్చేదాకా బీఈఓఎస్‌ను ఆపండి. పరీక్షకు కాదన్న సంగతిని పత్రికలకు చెప్పిన అధికారి మీద చర్య ఉండాలి.

సమ్మతి పత్రం గురించి ఒక్క మాట. అది నిందితుడి సొంత భాషలో ఉండాలి. మధ్యలో కూడా ఆపమని చెప్పవచ్చని అందులో రాసి ఉండాలి. మా గదిలో సగం ఎలక్ట్రోడ్లు పెట్టాక "వద్దు బాబూ" అని లేచి కూర్చున్న పెద్దమ్మలు ఎందరో. అన్నీ విప్పి, తడి దూదితో జుట్టులో పేస్టు తుడిచి పంపేవాణ్ణి. ఎందుకు వద్దన్నారని ఎవరూ రాసుకోలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఈఈజీ టెక్నీషియన్